టెన్షన్ అనే మాట కింద ఏముందో వెతకడం ఎలా

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారు. సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, లారీలు దిగి టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క తేలేసరికి రాత్రి ఒంటిగంట దాటేది. ఆ తర్వాత స్కూటర్ చప్పుడు, గేటు గడియ చప్పుడు, కుళాయి కింద చేతులు కడుక్కుంటున్న చప్పుడు, ఆయన చొక్కాకి పట్టిన కారం ఘాటుకి ఇంట్లో ఎవరో ఒకరు తుమ్మడం. ఆయన పోయాక వచ్చిన మొదటి ఫిబ్రవరిలో నాకు రాత్రి ఒంటిగంటన్నరకి మెలకువ రావడం మొదలైంది. మెలకువ వచ్చీ రాగానే గుండె దడ, అరచేతులు చల్లబడిపోవడం, ఊపిరి పైపైనే ఆడటం, ఇక అయిపోయింది అన్నంత గాభరా.

రెండుసార్లు ఆస్పత్రికి పరుగెత్తాం. ఈసీజీ బాగానే ఉందన్నారు. ఒకచోట గ్యాస్ అన్నారు, ఇంకోచోట "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని నిద్రమాత్ర రాశారు. దేని టెన్షన్ అని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఉద్యోగం ఉంది, అప్పుల్లేవు, పిల్లాడు చదువుకుంటున్నాడు, మరి దేనికి? ఆ జవాబు దొరక్క ఇంకో టెన్షన్. మూడోసారి చూసిన డాక్టరుగారు మాత్రం "సరిగ్గా ఏ టైముకి వస్తోంది? ఇదివరకు ఆ టైముకి మీ ఇంట్లో ఏం జరిగేది?" అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను, గేటు గడియ దగ్గరికి వచ్చేసరికి నాకు మాట రాలేదు.

నాకొచ్చింది బెంగ. నాన్న మీద బెంగ. "పెద్దదానివి, నువ్వే ఏడిస్తే అమ్మ ఏమైపోతుంది" అన్నారు అందరూ, నేనూ ఏడవలేదు, పెద్దకర్మ అయిన మూడో రోజు నుంచే డ్యూటీకి వెళ్ళాను. లోపల మాత్రం ఎవరో ఇంకా గేటు చప్పుడు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఆ రోజు నుంచి నేను చదివి తెలుసుకున్నదీ, నా మీదా నా వాళ్ళ మీదా చేసి చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. కానీ ఇది ఎవరో ఒకరు నాకు ఏడాది ముందే చెప్పి ఉంటే బాగుండేదని గట్టిగా అనుకుంటాను, అందుకే రాస్తున్నాను.

ఒంట్లో గంట ఒక్కటే

మెదడు లోపల బాదంపప్పు ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంటుంది, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ప్రమాదం అనిపిస్తే మనం ఆలోచించేలోపే అది గంట కొట్టేస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కాళ్ళూ చేతుల కండరాల్లోకి పోతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది. కడుపులో దేవినట్టుండటం, చెమటలు పట్టడం, నోరెండిపోవడం అన్నీ ఇందులోవే. పారిపోవడానికో తిరగబడటానికో ఒళ్ళు ఇలా సిద్ధమవుతుందని అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించారు.

నాకు ముఖ్యమనిపించింది ఏంటంటే, ఎదురుగా ఎద్దు పొడవడానికి వచ్చినా, అత్తగారికి తిరిగి చెప్పలేక మింగేసిన మాట గొంతులో ఉన్నా, మనిషి పోయిన దుఃఖం బయటికి రానివ్వకుండా తొక్కిపెట్టినా, ఒంట్లో మోగే గంట చాలావరకు ఒక్కటే. మనకి గంట వినిపిస్తుంది, ఎవరు కొట్టారో తెలియదు. కెనడాలో లెస్లీ గ్రీన్‌బర్గ్ అనే సైకాలజిస్టు పూర్తిగా భావోద్వేగాల మీదే నడిచే ఒక చికిత్సా పద్ధతిని తయారుచేశారు. అందులో మొదటి భావం, రెండో భావం అని రెండు ఉంటాయి. పైకి కనపడే కంగారు చాలాసార్లు రెండోది. దాని కింద మొదటిది, అంటే దుఃఖమో కోపమో సిగ్గో, ఉండిపోతుంది.

మనకి ఇది మరీ కొత్త మాట కాదు. కూచిపూడి నేర్చుకునే పిల్లలు అభినయం పాఠంలో దీన్నే ఇంకో రకంగా చదువుకుంటారు. భరతుడి నాట్యశాస్త్రంలో స్థాయీభావాలు, అంటే అడుగున నిలిచి ఉండే భావాలు, ఎనిమిది: రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. వాటి మీద అలల్లా వచ్చిపోయే సంచారీ భావాలు ముప్పై మూడు. చింత, శంక, త్రాసం, ఆవేగం, అంటే మనం ఈరోజు టెన్షన్ అంటున్నవన్నీ, ఆ ముప్పై మూడులోనివే. శోకంలోనూ చింత వస్తుంది, ప్రేమించిన మనిషి దూరమైనా చింత వస్తుంది. కాబట్టి ఆడేవాళ్ళకి చింత చూపించడం వస్తే సరిపోదు, ఏ భావం మీద వచ్చిన చింతో తెలియాలి. మనమూ అడగాల్సింది అదే.

ముందు ఒళ్ళు చూపించుకోండి

మనసు జోలికి వెళ్ళే ముందు ఇది ఒక్కటి చెయ్యాలి. ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పోసి కళ్ళు తిరుగుతున్నా, అందులోనూ షుగర్, బీపీ ఉన్నవాళ్ళైతే, టెన్షనే అనుకుని ఇంట్లో కూర్చోకండి, 108కి ఫోన్ చెయ్యండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా గుండె దడ వస్తుంది, ఆ రెండు పరీక్షలూ ఒకసారి చేయించుకుంటే ఒక అనుమానం తీరిపోతుంది. కాఫీ కూడా లెక్కలోకి తీసుకోండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది, సాయంత్రం ఆరింటికి స్ట్రాంగ్ కాఫీ తాగితే పదకొండుకి కూడా దాని సగం మీతోనే ఉంటుంది.

గాభరా వచ్చిన ఆ నిమిషంలో మాత్రం కారణాలు వెతక్కండి, అప్పుడు ఏమీ దొరకదు. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదలడం పొడుగ్గా ఉండాలి, అదే అసలు సంగతి, ఊపిరి వదిలేటప్పుడే గుండె వేగం తగ్గుతుంది. అరికాళ్ళు నేలకి ఆనించి కూర్చోండి. ఈ పోటు మామూలుగా పది నిమిషాల్లో పైకెక్కి ఆ తర్వాత దిగుతుంది. చచ్చిపోతానేమో అనిపిస్తుంది, ఎన్నిసార్లు వచ్చినా అలాగే అనిపిస్తుంది, అయినా దిగుతుంది.

వారం రోజుల చీటీ

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. టెన్షన్ వచ్చిన ప్రతిసారీ ఏ రోజు, ఏ టైము, ఎక్కడున్నారు, దానికి పది నిమిషాల ముందు ఏం జరిగింది అన్నది మాత్రమే రాయండి. ఎందుకొచ్చిందో రాయకండి. ఎందుకు అని మొదలుపెడితే బుర్ర వెంటనే ఒక కథ అల్లేస్తుంది, అదే నిజమని మనం నమ్మేస్తాం.

నాతో పనిచేసే ఒకావిడ రోజూ గుంటూరు నుంచి విజయవాడకి నాతోపాటే రైల్లో వస్తుంది. కృష్ణా కెనాల్ స్టేషన్‌లో బండి నెమ్మదించేసరికి ఆమెకి కడుపులో తిప్పడం మొదలు, వంతెన మీదికి వచ్చాక చెమటలు. నది మీద వంతెన అంటే భయం పట్టుకుందని ఆమె అనుకుంది, మేమందరమూ అదే అనుకున్నాం, ఇంట్లోవాళ్ళు అయితే దిష్టి కూడా తీశారు. చీటీ రాయమన్నాను. రెండు వారాలు రాశాక చూస్తే అన్నీ మంగళవారాలూ శుక్రవారాలే, బుధవారం అదే వంతెన మీద ఆమె పల్లీలు తింటూ కబుర్లు చెప్పింది! మంగళ, శుక్రవారాల్లో ఆఫీసులో రివ్యూ ఉంటుంది. ఆ రివ్యూ తీసుకునేది ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. ప్రమోషన్ అతనికి వచ్చింది, ఈమెకి రాలేదు. "నాకేం బాధ లేదు, చిన్నవాడు పైకొస్తే సంతోషమే" అని అందరికీ చెప్పింది, నాకూ చెప్పింది.

అది ఉక్రోషం. వంతెనకీ దానికీ ఏమీ సంబంధం లేదు, వంతెన దాటితే ఆఫీసు, అంతే.

పేరు పట్టుకోవడం

ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, నా దృష్టిలో పనంతా ఇక్కడే ఉంది.

మా అమ్మమ్మ నోట టెన్షన్ అనే మాట నేనెప్పుడూ వినలేదు. ఆవిడకి పిల్లాడు హాస్టల్లో సరిగ్గా తినకపోతే బెంగ, కూతురి కాపురం బాగోకపోతే దిగులు, కళ్ళంలో కాయ ఆరబోసి ఉండగా మబ్బు పడితే ఆదుర్దా, అర్ధరాత్రి కుక్క ఏడిస్తే గుబులు, నలుగురిలో మాట పడితే చిన్నతనం, పడిన మాటకి తిరిగి అనలేకపోతే ఉక్రోషం, అప్పులవాడు గుమ్మంలోకి వస్తే నామోషీ. ఇన్ని మాటలుండేవి. ఇప్పుడు ఇవన్నీ పోయి ఒక్క టెన్షన్ మిగిలింది. పరీక్షకీ టెన్షనే, చావుకీ టెన్షనే, అవమానానికీ టెన్షనే. మాట ఒకటే అయిపోవడంతో మనకి ఏం కావాలో మనకే తెలియకుండా పోయిందని నేననుకుంటాను.

పేరు పెట్టడం వల్ల ఏం ఒరుగుతుంది అంటారా? 2007లో లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాథ్యూ లీబర్మన్, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం చేశారు. కోపం, భయం నిండిన ముఖాల ఫొటోలు చూపించి, ఆ భావానికి మాటల్లో పేరు పెట్టమన్నప్పుడు అమిగ్డలా చురుకు తగ్గడం స్కానింగ్‌లో కనిపించింది.

చేసే పద్ధతి ఇదీ. పగటిపూట, కాస్త ఒంటరిగా ఉన్నప్పుడు, చీటీ ముందు పెట్టుకుని పైన రాసిన మాటల్ని ఒక్కొక్కటే పైకి అనండి. "నాకు దిగులుగా ఉంది." ఆగండి. "నాకు నామోషీగా ఉంది." ఆగండి. "నాకు కోపంగా ఉంది." తప్పు మాటకి ఒంట్లో ఏమీ జరగదు. సరైన మాట తగిలితే గొంతు బిగుస్తుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, లేకపోతే ఎక్కడి నుంచో ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది. మన పక్క ఆడపిల్లల్ని కోపం రాకూడదని పెంచుతారు, మగపిల్లల్ని ఏడవకూడదని పెంచుతారు. అందుకని ఆడవాళ్ళు "కోపం" అన్న మాట దగ్గరా, మగవాళ్ళు "దుఃఖం" అన్న మాట దగ్గరా ఇంకొంచెం ఎక్కువ సేపు ఆగాలి, చాలాసార్లు అక్కడే ఉంటుంది.

కొన్ని గుర్తులు కూడా ఉంటాయి. స్నానం చేస్తూనో గిన్నెలు తోముతూనో మనసులో ఎవరితోనో వాదిస్తున్నారా, పొద్దున లేచేసరికి దవడలు నొప్పెడుతున్నాయా, అక్కడ మింగిన కోపం ఉంది. ఫోన్ మోగితే ఎత్తబుద్ధి కావడం లేదు, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు, అంటే సిగ్గో నామోషీయో. ఒకే నెలకీ, ఒకే వాసనకీ, ఒకే టైముకీ వస్తోందంటే ఎవరో గుర్తొస్తున్నారు. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా, పిల్లాడు చేరాడా అని పదేపదే చూసుకోవడం వెనక ఎప్పుడో ఏదో తప్పు చేశానన్న బాధ ఉండొచ్చు, కచ్చితంగా ఉంటుందని కాదు.

మా బాబాయి సంగతి చెబుతాను. కౌలుకి మిర్చి వేశాడు, రేటు పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు, రేటు పడిపోయింది. మనిషికి ఆయాసం పట్టుకుంది. డబ్బు భయమే అనుకున్నాం, నిజంగా భయపడాల్సిన అప్పే అది, కాదనను. కానీ ఆయాసం బ్యాంకు నోటీసు వచ్చిన రోజు రాలేదు, తోడల్లుడి ఇంటి నుంచి శుభలేఖ వచ్చిన రోజు వచ్చింది. నలుగురిలోకి వెళ్ళాలి, "ఈసారి ఎంత మిగిలింది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అది నామోషీ. నామోషీకి ఒక లక్షణం ఉంది, దాచినకొద్దీ పెరుగుతుంది, చిన్నచూపు చూడని ఒక్క మనిషికి చెబితే సగం తగ్గుతుంది. ఆయన మా అమ్మకి చెప్పాడు. "వదినా, మొత్తం పోయింది" అన్నాడు, వరండాలో కూర్చుని, తల వంచుకుని. అప్పు ఒక్క రూపాయి తగ్గలేదు. కానీ ఆ రాత్రి పడుకున్నాడు, మర్నాడు కాగితాలన్నీ తెచ్చి మా ముందు పెట్టాడు, అప్పుడే ఏది ముందు కట్టాలో లెక్క వేసుకోగలిగాం.

అది అడిగింది ఇవ్వండి

బెంగ మనిషిని అడుగుతుంది, మనిషి లేకపోతే ఆ మనిషి ఊసైనా అడుగుతుంది. ఒక రాత్రి ఒంటిగంటన్నరకి మంచం మీద పడుకుని ఊపిరి లెక్కపెట్టడం మానేసి వరండాలోకి వెళ్ళాను. అమ్మ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. నెల రోజులుగా ఆవిడా అదే టైముకి లేస్తోందట, నాకు తెలియకూడదని చప్పుడు చెయ్యకుండా. ఇద్దరం నాన్న గురించి తెల్లారేదాకా మాట్లాడుకున్నాం, ఏడ్చాం. ఆ తర్వాత కూడా మెలకువ వచ్చేది, దడ మాత్రం మెల్లమెల్లగా సన్నగిల్లింది.

ఉక్రోషం మాట అడుగుతుంది. పోట్లాట అక్కర్లేదు. వంతెన భయం అనుకున్న ఆవిడ పై అధికారి దగ్గరికి వెళ్ళి "నాకు ప్రమోషన్ ఎందుకు రాలేదో తెలుసుకోవాలనుకుంటున్నాను" అని అడిగింది, అంతే. వచ్చిన జవాబు ఆమెకి నచ్చలేదు, కానీ అడిగింది. ఎవరికీ చెప్పుకోలేని సంగతి అయితే రాయండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ పిల్లల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాల చొప్పున, మనసుని బాగా కష్టపెట్టిన సంగతుల గురించి రాయించారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్ళు హెల్త్ సెంటర్‌కి వెళ్ళడం తగ్గింది. కాబట్టి మొదటి రోజు ఏడుపొస్తే ఆపెయ్యకండి. అక్షర దోషాలు చూసుకోవద్దు, రాసింది చింపేసినా పర్వాలేదు.

అన్నిటి కిందా ఇంకోటి ఉంటుందని మాత్రం పట్టుబట్టకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా దూరపు చుట్టాలు మేడ మీద చిక్కుకుపోయారు. ఇప్పటికీ రాత్రి వాన పడితే వాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. అక్కడ కింద ఉన్నది భయమే, అది చూసిన వాళ్ళకి రావాల్సిన భయమే. దానికి తవ్వకం పనికిరాదు. తప్పించుకుని తిరిగేకొద్దీ భయం గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా దగ్గరికి వెళ్ళాలి. చిన్న వానలో కిటికీ దగ్గర అయిదు నిమిషాలు, మరోరోజు గుమ్మంలో, ఇంకోరోజు గొడుగు వేసుకుని సందు చివరిదాకా. కొందరికి వంశంలోనే ఈ ఆందోళన ఉంటుంది, కింద పెద్ద కథ ఏమీ ఉండదు. రోజుకి ఇరవై నిమిషాలు వెతికి ఆపెయ్యండి, రాత్రి పడుకున్నాక అసలే వెతక్కండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

చాలా రోజులుగా, నెలల తరబడి ఆగకుండా ఉన్నా, నిద్రా తిండీ పనీ దెబ్బతింటున్నా ఆగొద్దు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఇంటి నుంచి కదలలేకపోతే టెలి మానస్ నంబరు 14416, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ నంబరుకి వెంటనే చెయ్యండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

మందులంటే భయపడకండి. ఆందోళనకి ఎక్కువగా రాసే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వారానికే మానేసి "నాకు పడలేదు" అనుకుంటారు చాలామంది. మందుల షాపులో ఎవరో చెప్పారని ఆల్‌ప్రజోలమ్ లాంటివి కొనుక్కుని మింగడం మాత్రం వద్దు, అలవాటు పడిపోతారు, ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుని అడిగి తగ్గించుకోండి. వెళ్ళేటప్పుడు ఆ చీటీ తీసుకెళ్ళండి. ఓపీలో మనకి దొరికే అయిదు నిమిషాల్లో మనం చెప్పలేనిది అది చెబుతుంది.

ఇంట్లో ఇంకొకరికి ఉంటే

"టెన్షన్ పడకు" అనకండి. "ఎందుకు?" అనీ అడగకండి, తెలిస్తే వాళ్ళే చెప్పేవాళ్ళు. "ఎప్పటి నుంచి?" అని అడగండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని కాదు. చిక్కుడుకాయలు వొలుస్తూ, బట్టలు మడతపెడుతూ, బండి మీద వెళ్తూ. ఒకరి ముఖం ఒకరికి కనపడనప్పుడు మాట తేలిగ్గా వస్తుంది.

మా వాడు తొమ్మిదో తరగతిలో లెక్కల పరీక్ష ముందు రోజు రాత్రి వాంతులు చేసుకునేవాడు. ట్యూషన్ మార్చాం, మార్కులు అడగడం మానేశాం, ఏమీ తగ్గలేదు. ఒక ఆదివారం విజయవాడలో మా పెద్దమ్మ వాళ్ళింటి నుంచి స్కూటీ మీద తిరిగొస్తున్నాం. ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, వెనక్కి తిరక్కుండానే, "ఇది ఎప్పటి నుంచి నాన్నా?" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. బండ్లు కదిలాయి. బ్యారేజీ సగం దాటాక, నా వీపుకి తల ఆనించి, "నువ్వు మొదటిసారి రాత్రిపూట ఆస్పత్రికి వెళ్ళావు కదా, తెల్లారి నాకు లెక్కల పరీక్ష ఉంది" అన్నాడు. సీతానగరం వైపు దిగాక బండి పక్కకి ఆపాను.